సారు మనకి ఏటవుతారు?

డుంబ్రిగుడ
జూలై 3, 2006

వరహాలు బావకి,

మా సెంటరు పీక నొక్కుతున్నది నువ్వే. ప్రభుత్వం కాదు, వాన కాదు, మీ యూనివర్సిటీ కూడా కాదు. నువ్వు. నీ చేతిరాత నాకు తెలీదనుకున్నావా? మాకొచ్చిన నివేదిక నకలులో అన్ని సెంటర్ల ఎదురుగా మార్కులున్నాయి. డుంబ్రిగుడ ఎదురుగా సున్నా, దాని పక్కన 'నిశ్శబ్దం' అని నీ వంకర 'శ'.

విశాఖపట్నంలో చల్లటి గదిలో కెమెరా ముందు నిలబడి నువ్వు చెప్పే ఎకనామిక్స్ ఉపగ్రహం దాకా వెళ్లి, మా కాలేజీ మేడ మీది డిష్ గొడుగులో పడి, హాలులో తెర మీదకి వస్తోంది. దీన్ని మీ వాళ్లు ఆన్‌లైన్ తరగతులంటున్నారు. సరే. కొండ దిగి చదువుకోడానికి బస్సు డబ్బుల్లేని పిల్లలకి బీఏ ఇంటికొచ్చింది, బాగుంది అనుకున్నాను. సెంటరు చూసుకునేదాన్ని కనక ఊరూరా నేనే తిరిగి చేర్పించాను. ఇప్పుడు సర్క్యులరు పంపారు: హాస్యం బోధనా సాధనమట, క్లాసుకి మూడు జోకులట, జోకుకి నవ్వని సెంటరుకి మార్కుల్లేవట. నవ్వుకి కూడా కోటా పెట్టిన దేశం మనది తప్ప ఇంకోటి ఉండదు.

మరి నీ జోకులేమిటి? లిఫ్టులో ఇరుక్కున్న గుమాస్తా జోకు. మా మండలంలో ఎక్కడానికి కొండలున్నాయి కానీ లిఫ్టులు లేవు. ఆ తర్వాత పనిమనిషి ఫ్రిజ్‌ని బీరువా అనుకుని చీరలు మడతపెట్టిన జోకు. మా స్వర్ణ వాళ్లక్క మీ ఊళ్లోనే ఎవరింట్లోనో అంట్లు తోముతోంది. ఆ జోకుకి స్వర్ణ పళ్లికిలించాలా? నవ్వకపోతే దానికి చదువు మానిపిస్తారా? హాస్యమంటే పైనున్నవాడు కిందకి విసిరే రాయి కాదు బావా. రాయి తగిలినవాడు నవ్వలేదని ఫిర్యాదు చేసేవాణ్ణి నిన్నే చూశాను.

జవాబు రాయి. ఫోను చెయ్యాలని చూడకు, ఘాటురోడ్డు ఎక్కితే నీ సెల్లు చచ్చిపోతుంది. ఆకాశంలోంచి నీ బొమ్మ వస్తుంది గానీ నీ గొంతు నేలమీద నుంచి రాదు. ఇదీ మన అభివృద్ధి.

సత్యకుమారి


విశాఖపట్నం
జూలై 15, 2006

మరదలు సత్యకుమారికి,

నీ ఉత్తరం చదివాను. చివర డిమాండ్లు లేవు. చాలా కంగారు పడ్డాను. నీ చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను, మీ నాన్నకి పప్పులో ఉప్పు తక్కువైందని రాసిచ్చిన కాగితం కింద కూడా డిమాండ్లుండేవి. ఒంట్లో బాగుందా?

ఇప్పుడు నా గోడు విను. నా ఎదురుగా మనుషులుండరు. ఒక గాజు కన్ను, దాని మీద ఎర్ర దీపం ఉంటాయి. దాని వెనక టెక్నీషియన్ పైడయ్య ఉంటాడు, గురక పెడతాడు. మీ బొమ్మలు నాకు రావు, మీ గొంతులే వస్తాయి, అదీ మీరు మైకు నొక్కితేనే. నలభయ్యేళ్లు దాటాక గోడకి పాఠం చెప్పడం ఎంత కష్టమో నీకేం తెలుసు? నీ ఉపన్యాసాలకి ఎప్పుడూ జనం ఉన్నారు, కనీసం పోలీసులైనా ఉన్నారు.

అందుకే జోకులు. అవీ తిన్నగా పేలవు. మాట ఉపగ్రహం దాకా పోవాలి, దిగాలి, వాళ్లు నవ్వాలి, మైకు నొక్కాలి, ఆ నవ్వు మళ్లీ ఎక్కి దిగాలి. ఈలోగా నేను తర్వాతి పాయింటుకి వెళ్లిపోతాను. మొన్న గుమాస్తా జోకు చెప్పి, ఆగకుండా బెంగాల్ కరువు మొదలుపెట్టాను. 'లక్షలమంది ఆకలితో చనిపోయారు' అన్నానో లేదో పాలకొండ సెంటరు మొత్తం పగలబడి నవ్వింది. పైడయ్య ఉలిక్కిపడి లేచి నావైపు అసహ్యంగా చూశాడు.

అయినా వాళ్లు నవ్వారు. మీ సెంటరు నుంచి మాత్రం దగ్గు కూడా రాదు. మైకు నొక్కిన శబ్దం వినపడుతుంది, ఆ తర్వాత వాన చప్పుడు. నిశ్శబ్దం అని రాయక కచేరీ అని రాయమంటావా? పనిమనిషి జోకు సంగతి మాత్రం నువ్వన్నది నిజం. అది ఇంక చెప్పను.

అసలు సంగతి ఇది. డైరెక్టరు లక్ష్మీప్రసాద్ గారు సమీక్ష పెట్టారు. స్పందన లేని సెంటర్లని ఈ ఏడాదితో మూసేసి, ఆ గొడుగులు కింద ఊళ్లకి పట్టుకుపోతారు. మొదటి పేరు మీదే. అందుకే అడుగుతున్నాను, కోపగించకు. మీ పిల్లలకి నవ్వు రాదా?

వరహాలరావు


డుంబ్రిగుడ
ఆగస్టు 9, 2006

బావా,

నవ్వు రాదా అని అడిగావు. సంతలో విన్నాను నేను. మా బీఏ కుర్రాడు ఫల్గుణ చింతపండు బుట్ట దగ్గర నిలబడి వ్యాపారి తూకం వేసే తీరుని నటించి చూపిస్తుంటే స్వర్ణ నవ్వలేక కింద కూర్చుండిపోయింది. వ్యాపారే నవ్వాడు. తర్వాత తూకం సరిచేశాడనుకో. ఆ మర్నాడు నీ క్లాసులో ఇద్దరూ తలలు దించుకుని, చర్చిలో కూర్చున్నట్టు కూర్చున్నారు.

క్లాసయ్యాక తలుపు మూసి అందర్నీ నిలదీశాను. భయపడకండి, తల ఎత్తండి, ప్రశ్నించండి, నవ్వండి, అది మీ హక్కు అని అరగంట దంచాను. చివరికి భీముడు లేచాడు. క్లాసులో అందరికంటే పెద్ద, కాఫీ తోటుంది, ముగ్గురు పిల్లలు, పెద్దకూతురు పదో తరగతి, తను బీఏ మొదటి సంవత్సరం. నిదానంగా అడిగాడు.

"మేడమ్, సారు మనకి ఏటవుతారు?"

"లెక్చరర్ అవుతారు."

"అది ఉజ్జోగం మేడమ్. వరసేటి?"

ఇన్నేళ్లుగా వర్గం గురించి, కులం గురించి, లింగం గురించి రాశాను కానీ వరస గురించి ఒక్క కరపత్రం వెయ్యలేదు.

అప్పుడు వాళ్లంతా ఒకేసారి మొదలుపెట్టారు. నాకు అర్థమైంది రాస్తాను. వీళ్ల ఊళ్లలో ఎవరు పడితే వాళ్లతో నవ్వరు. బావతో, మరదలితో, తాతతో, నాయనమ్మతో ఎంత వేళాకోళమైనా ఆడొచ్చు, ఆడకపోతేనే అలుగుతారు. మామ ముందు మాత్రం పన్ను కనపడకూడదు. ఆయన నవ్వించేమాట అన్నా తల దించుకోవాలి. అదే మర్యాద.

"సారు ఏ వరసో ఎవులూ సెప్పనేదు," అన్నాడు ఫల్గుణ. "వరస తెలీకుండా నవ్వేసి, రేపు మామని తేలితే ఏటి సేత్తాం? అందుకే ముందుగానే మామ అనేసుకున్నాం. బద్రం కదా."

"మరి మైకు ఎందుకు నొక్కుతున్నారు?"

"మేం తల దించుకున్నామని సారుకి తెలియాల కదా మేడమ్," అంది స్వర్ణ.

బావా, నువ్వు వాళ్లని చూస్తున్నావనుకున్నారు. తెరలోంచి నువ్వు కనపడితే నీకు వీళ్లూ కనపడాలి కదా. ఇది ఒకవైపు కిటికీ అని చెప్పడం మీ సర్క్యులరు మర్చిపోయింది, నేనూ మర్చిపోయాను. క్లాసు రోజున స్వర్ణ తలస్నానం చేసి, పూలు పెట్టుకుని ముందు వరసలో కూర్చుంటోంది. నీకు కనపడదని చెప్తే కాసేపు తెరవైపు, కాసేపు నా వైపు చూసి, "అయితే మేడమ్, ఇన్నాళ్లూ చన్నీళ్లు పోసుకున్నది ఎవులికోసం?" అంది.

నువ్వు సున్నా వేసింది దేనికో తెలిసిందా? మీ సెంటర్లన్నిటిలో నీకు అందరికంటే ఎక్కువ మర్యాద చేసిన సెంటరుకి వేశావు. వాళ్లు మామకి చేసే మర్యాద చేశారు. నువ్వు దాన్ని చచ్చిన సెంటరు నిశ్శబ్దం అనుకున్నావు.

తర్వాత జరిగింది నా తప్పు. నేను విసుగ్గా, "ఆయన మామేమిటర్రా, ఆయన నాకు బావ" అన్నాను. హాలు ఒక్కసారి గొల్లున నవ్వింది. ఆ నవ్వు విని వాచ్‌మన్ గాసి కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"మేడమ్ మనకి అక్క. అక్కకి బావంటే మనకీ బావే," అని భీముడు తీర్పు చెప్పాడు. ఒక్క షరతు పెట్టాడు. బావతో వేళాకోళం రెండువైపులా ఉండాలి. నువ్వొకటంటే వాళ్లు రెండంటారు. పడాలి. పడలేనంటే ముందే చెప్పమన్నాడు, మళ్లీ మామని చేసేస్తారట.

నీ తరఫున ఒప్పేసుకున్నాను.

సత్య


విశాఖపట్నం
ఆగస్టు 26, 2006

సత్యా,

నీకేమైనా బుద్ధుందా? ముందు నన్నడగాలని లేదా?

గురువారం తగ్గుతున్న ఉపాంత ప్రయోజన సూత్రం చెప్తున్నాను. మొదటి లడ్డు ఎంతో ఇష్టం, రెండోది కొంచెం తక్కువ ఇష్టం, ఆరో లడ్డుకి వాంతి. ఇరవయ్యేళ్లుగా ఇవే లడ్లు. 'సందేహాలున్నాయా?' అన్నాను, రోజూ అన్నట్టే, ఉండవని తెలిసి. సెంటర్ల బోర్డు మీద డుంబ్రిగుడ దీపం వెలిగింది. వాన చప్పుడు కోసం ఎదురుచూశాను.

"బావా, ఫల్గుణని మాటాడతన్నాను. ఆ మెళ్లో గుడ్డ ఎవులు కట్టేరు? మా ఊర్లో తప్పించుకునే మేకకి కడతారు."

నా టై. అన్ని సెంటర్లకీ వినపడింది. పైడయ్య కుర్చీలోంచి జారాడు. నేను తేరుకునేలోగా, "లడ్లు మాకు తెలీవు బావా. జీలుగు కల్లు సెప్తాను, రాసుకో" అన్నాడు. చెప్పాడు. మొదటి డొప్పకి కొండ బాగా కనపడుతుంది. రెండో డొప్పకి కొండ నిన్ను చూసి నవ్వుతుంది. మూడో డొప్పకి నువ్వూ కొండా చుట్టాలు. నాలుగో డొప్పకి కొండ నీ మీద కూర్చుంటుంది. అయిదో డొప్ప నువ్వు తాగవు, అదే నిన్ను తాగుతుంది, పొద్దున్న మీ ఆవిడ మిగతా పాఠం చెప్తుంది.

మొత్తం సూత్రం వచ్చేసింది, సత్యా. తగ్గడం, సున్నా అవడం, రుణాత్మకం అవడం. గ్రాఫు గీస్తే సరిగ్గా కూర్చుంది. పాలకొండ నవ్వింది, నర్సీపట్నం నవ్వింది, మైకులన్నీ ఒకేసారి నొక్కితే మీ గొంతులొచ్చే లైను తెగింది. నేనేమన్నానో అడక్కు.

లైను తిరిగి రాకముందే డైరెక్టరు గారు స్టూడియోకి వచ్చేశారు. మర్నాటికి మెమో. 'విశ్వవిద్యాలయ తరగతిలో మద్య ప్రస్తావన, అధ్యాపకుడితో బంధుత్వ సంబోధన, క్రమశిక్షణారాహిత్యం.' డుంబ్రిగుడ సెంటరు మూసివేతకి ఇంకో కారణం చేర్చారు. నన్ను స్టూడియోనుంచి తప్పించి జవాబుపత్రాల గోదాముకి పంపే ఆలోచన కూడా ఉందట. అక్కడ ఎలుకలు ఏ వరసో కనుక్కుని చెప్పు.

వరహాలు


డుంబ్రిగుడ
సెప్టెంబరు 8, 2006

బావా,

నవ్వకపోతే స్పందన లేదని సున్నా. నవ్వితే క్రమశిక్షణ లేదని మెమో. మరి ఈ పిల్లలు ఏ ముఖం పెట్టుకుని కూర్చోవాలో ఫోటో తీసి పంపమను మీ డైరెక్టర్ని, గోడకి అంటించి అందరం అలాగే పెడతాం. వీళ్లు కల్లు గురించి మాట్లాడితే మద్య ప్రస్తావన, మీ పాఠ్యపుస్తకంలో ఫ్రాన్సు ద్రాక్షసారా ఎగుమతి మీద ఏకంగా పేజీ ఉంది, అది అంతర్జాతీయ వాణిజ్యం. ఈ తేడా ఎక్కడినుంచి వచ్చిందో నీకు తెలుసు, నాకు తెలుసు.

నువ్వేమన్నావో అడక్కన్నావు. అడగక్కర్లేదు, మేం చూశాం. నువ్వు టై విప్పావు. మెల్లగా, మడతపెట్టి, బల్ల మీద పెట్టావు. 'మేకని వదిలేశారు, ఇప్పుడు మీ తోటల్లో పడతాను, కాసుకోండి' అన్నావు. భీముడు తొడ చరిచి "మగోడు" అన్నాడు. నాకు నువ్వు పరీక్ష ఫీజు పెంపు మీద సమ్మెలో గోడ దూకినరోజు గుర్తొచ్చింది. ప్యాంటు చిరిగింది కదా అప్పుడు. ఆ సంగతి వీళ్లకి చెప్పేశాను. వచ్చే గురువారం సిద్ధంగా ఉండు.

ఇంకో మాట. అయిదో డొప్ప గురించి చెప్పాక స్వర్ణ నన్నడిగింది: కాఫీ పండ్లు అందరం ఒకే వారంలో సంతకి తెస్తే వ్యాపారికి మనం అయిదో డొప్ప అవుతామా అని. అలా ప్రశ్న అడిగిన గుంటని బీఏ మధ్యలో ఆపేస్తే వచ్చే ఏడాది అది వాళ్లక్క దగ్గరికి, మీ ఊరి వంటగదులకి వస్తుంది. నువ్వు సంతకం పెట్టిన కాగితం మీద. నీకు గోదాము భయం. దానికి ఇంకేం మిగలదనే భయం. రెండూ ఒకే తూకం వెయ్యకు.

సత్య


విశాఖపట్నం
అక్టోబరు 5, 2006

సత్యా,

తూకం వెయ్యలేదు. సమీక్ష కమిటీలో లేచి, నిశ్శబ్దం అని రాసింది నేను, తప్పుగా రాశాను, దిద్దుకుంటాను అన్నాను. వరసల సంగతంతా చెప్పాను. కొందరు నవ్వారు. లక్ష్మీప్రసాద్ గారు నవ్వలేదు. 'నేనే వెళ్లి చూస్తాను' అన్నారు.

వచ్చే గురువారం ఆయన మీ హాల్లో ఉంటారు. నేనిక్కడ స్టూడియోలో పాఠం చెప్తూ ఉంటాను. నాకేమీ కనపడదు. మైకు నీ చేతిలో ఉంటుంది. ఆయన చూసి తేల్చేస్తారు, ఆ తర్వాత అప్పీలు లేదు.

ఆయన మంచివాడే. హాస్యం మీద పరిశోధన పత్రం రాశారు, జోకుల సర్క్యులరు ఆయనదే. ఆయన జోకుకి మాత్రం ఎవరైనా నవ్వకపోతే తట్టుకోలేరు. ఒక్కటి బతిమాలుతున్నాను. అరవై దగ్గరపడ్డా జుట్టు కాటుకలా ఉంటుంది. దాని జోలికి మాత్రం వెళ్లద్దని చెప్పు. ముఖ్యంగా ఫల్గుణకి.

వరహాలు


డుంబ్రిగుడ
అక్టోబరు 16, 2006

బావా,

క్లాసు మధ్యలో నీకు పెద్ద నవ్వు వినపడి, 'ఏమైంది, ఏమైంది' అని నువ్వు కెమెరాలోకి ముక్కు పెట్టి అడగడం మేమంతా చూశాం. ఏమైందో రాస్తున్నాను, కూర్చుని చదువు.

డైరెక్టరు గారు కారు దిగారు. అల్లం టీ తాగారు. నీ పాఠానికి ముందు ఓ పది నిమిషాలు తనే మాట్లాడతానని లేచారు. లిఫ్టు గుమాస్తా జోకు చెప్పారు. ఆ జోకు ఆయన దగ్గర కొట్టేసిందా నువ్వు? హాలంతా తలలు దించేసింది. ఆయన రెండో జోకు చెప్పారు. తలలు ఇంకా కిందకి వెళ్లాయి. మూడోదానికి భీముడి గడ్డం గుండెకి ఆనింది. ఆయన నావైపు చూశారు. నేను జీవితంలో మొదటిసారి ఏమీ మాట్లాడలేదు. దానికి నాకు అవార్డు ఇవ్వాలి.

స్వర్ణ లేచింది. "సార్, కోపం సేసుకోకండి. మీరు మాకు మామ వరస."

"ఎవరు పెట్టారమ్మా?"

"మెమో ఇచ్చినోలు మామే కదా సార్."

ఆయన ముఖం ఎర్రబడింది. కూర్చున్నారు. ఈలోగా నువ్వు తెర మీదకి వచ్చావు, టై లేకుండా. నువ్వొకటన్నావు, వీళ్లు రెండన్నారు. చిరిగిన ప్యాంటుకి గిరాకీ ఎంతని ఫల్గుణ అడిగాడు, గోడ ఎత్తుని బట్టి అని నువ్వన్నావు. అక్కడినుంచి గిరాకీ వ్యాకోచత్వం దాకా పాకారు. అందరూ నవ్వుతున్నారు, గాసి కూడా. ఒక్క డైరెక్టరు గారే నవ్వకూడని వరసలో కూర్చుండిపోయారు. పెదవి వణుకుతోంది, బిగబట్టుకున్నారు. నాకు జాలేసింది, నిజం. మా వాళ్లు ఇన్నాళ్లూ కూర్చున్న చోటు అదే.

చివరికి ఆయన మెల్లగా అడిగారు, "వరస మార్చుకోడానికి వీలుందా?"

"ఉంది సార్," అన్నాడు భీముడు.

"బావ వరస?"

"ఒకర్ని ఎట్టేసుకున్నాం సార్. మీరు తాత అయితే ఎంతైనా నవ్వొచ్చు."

ఆయన చెయ్యి దానంతటదే జుట్టు మీదకి వెళ్లింది. ఆ క్షణంలో మా సెంటరు ఆయన నెత్తిమీద ఉంది బావా, నేను అలంకారం వాడటం లేదు. కుర్చీలోంచి లేచి, కింద చాప మీద పిల్లల మధ్య కూర్చుని, "సరే, తాతనే" అన్నారు.

నీ మాట చెప్పాను, ఒట్టు. ఫల్గుణ నోరు మూసుకునే ఉన్నాడు. అడిగింది భీముడు, ఎంతో మర్యాదగా: "తాతా, తలకి ఏ బొగ్గు రాసేరు? మా ఎద్దుకీ రాద్దును. సంతలో వయసు తగ్గుద్ది."

నేను మళ్లీ మైకు నొక్కింది అప్పుడే. నీకు వినపడిన నవ్వులో అన్నిటికంటే గట్టిది ఆయనదే. కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ నవ్వి, మళ్లీ తుడుచుకున్నారు. వెళ్తూ నివేదికలో 'స్పందన' ఎదురుగా ఏమీ రాయకుండా చాలాసేపు కలం పట్టుకుని, ఆఖరికి 'వెళ్లి చూడవలెను' అని రాశారు. మెమో చింపేశారు. నిన్ను గోదాముకి పంపనన్నారు. సెంటరుని ఇంకో ఏడాది ఉంచుతామని సంతకం పెట్టారు.

పిల్లలు చిందులేశారు. నేనూ వేశాను, ఎవరికీ చెప్పకు. ఇంటికొచ్చాక కోపం వచ్చింది. ఏడాదా? మూడేళ్ల డిగ్రీకి ఏడాది ప్రాణం పోసి దణ్ణం పెట్టించుకుంటారా? ఒక మంచి ముసలాయన నవ్వాడు కాబట్టి స్వర్ణ చదువు మిగిలింది. ఆయన ఆవేళ నవ్వకపోతే? వచ్చే డైరెక్టరు బట్టతలవాడైతే?

నా మొదటి ఉత్తరం చివర డిమాండ్లు లేవని కంగారు పడ్డావు కదా. నా ఒంట్లో బాగానే ఉంది. కింద రాశాను. మొన్న హాల్లో అందరం కూర్చుని ఖాయం చేసినవి. వచ్చే గురువారం పాఠానికి ముందు కెమెరాలోకి చూసి చదువు.

నీ మరదలు,
సత్యకుమారి

1. ఉత్తర్వులో 'ఏడాది' అన్నది కొట్టెయ్యాలి. చేరిన ప్రతి ఒక్కరి డిగ్రీ పూర్తయ్యేదాకా, ఆ తర్వాత చేరేవాళ్లకి కూడా, డుంబ్రిగుడ సెంటరు ఉండాలి.

2. గొడుగు మా మేడ మీదనుంచి కదపకూడదు.

3. పనిమనుషుల మీద, కొండవాళ్ల మీద, పెళ్లాల మీద జోకులు ఆపాలి.

4. జోకు వేసే ప్రతి సారూ ముందు తన వరస చెప్పుకోవాలి. వేసినవాళ్లు పడాలి.

5. జోకు అయ్యాక, నవ్వు పైకి వెళ్లి దిగి వచ్చేదాకా ఆగాలి. కరువు పాఠం ఆ తర్వాతే.

6. పరీక్షలో లడ్డు బదులు జీలుగు కల్లు రాసినవాళ్లకి మార్కులు కొయ్యకూడదు.

7. తెర రెండువైపులా కనపడేలా చెయ్యాలి. అందాకా స్వర్ణ తలస్నానం చెయ్యదు.

8. నువ్వొకసారి రావాలి. టై తేవద్దు.

9. ఎవరి ఎదురుగానైనా 'నిశ్శబ్దం' అని రాసేముందు, వాళ్లు ఎందుకు ఊరుకున్నారో వాళ్లనే అడగాలి.